లెక్కల ఉత్తరాలు: టాలీకీ దాత రిపోర్టుకీ పొత్తు కుదరనప్పుడు

ప్రశ్న: మాది అనంతపురం జిల్లాలో పాతికేళ్లకు పైబడి పనిచేస్తున్న సొసైటీ. వాటర్‌షెడ్ పనులు, ఆడపిల్లల హాస్టలు, కుట్టు శిక్షణ చూస్తాం. విదేశీ విరాళాలు తీసుకోవడానికి కావలసిన ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ ఉంది. జర్మనీ నుంచి ఒక గ్రాంటు, ఒక కంపెనీ సామాజిక బాధ్యత కింద ఇచ్చే సీఎస్‌ఆర్ నిధి, ఊళ్లో చందాలు మా రాబడి. లెక్కలు టాలీ సాఫ్ట్‌వేర్‌లోనే రాస్తాం. అయినా మూడు నెలలకోసారి దాతకు పంపే రిపోర్టును మా అకౌంటెంటు ఎక్సెల్‌లో విడిగా తయారుచేస్తాడు. ఆ అంకెలూ టాలీ అంకెలూ ఏనాడూ కలవవు. పోయిన ఆడిటులో మాటపడ్డాం. ఇప్పుడు ఒక కన్సల్టెంటు 4,50,000 తీసుకుని క్లౌడ్ సాఫ్ట్‌వేర్ పెడతానంటున్నారు. ఇంకొకరు 60,000కి టాలీనే సరిచేస్తానంటున్నారు. మా ఆడిటరేమో ‘మా ఆఫీసు పిల్లలే చేసిపెడతారు, బయటివాళ్లెందుకు’ అంటున్నారు. ఎవరిని పెట్టుకోమంటారు?
– ఒక కార్యదర్శి, అనంతపురం జిల్లా

జవాబు: కార్యదర్శి గారూ, ముగ్గురి సంగతీ రాశారు. ఆ ముగ్గురిలో ఒక్కరైనా మీ గ్రాంటు ఒప్పందం చూపించమని అడిగారా? అందులోని బడ్జెట్ పట్టిక, పోయినేడు విదేశీ విరాళాల లెక్క చూపుతూ ప్రభుత్వానికి వేసిన ఎఫ్‌సీ-4, ఆడిట్ రిపోర్టు, ఈ మూడూ చదవకుండా ధర చెప్పినవాళ్లు మీ పనికి చెప్పలేదు, తమ దగ్గర తయారుగా ఉన్న సరుకుకు చెప్పారు. అందుకని ముందు ధరలు పక్కన పెట్టండి.

మీ జబ్బేమిటో ఉత్తరంలోనే కనిపిస్తోంది. టాలీలో మీ పద్దులు ఖర్చు రకాన్ని బట్టి ఉన్నాయి: జీతాలు, ప్రయాణాలు, స్టేషనరీ. దాత బడ్జెట్ పనిని బట్టి ఉంటుంది: హాస్టలు నిర్వహణ, చెక్‌డ్యాములు, శిక్షణ. వోచరు (ఒక్కో లావాదేవీకి రాసే చీటీ) రాసేటప్పుడు ‘ఈ రూపాయి ఎవరిది, ఏ పనికి’ అన్నది ఎక్కడా పడటం లేదు. మూడు నెలల తర్వాత మీ అకౌంటెంటు కూర్చుని, జూన్‌లో కొన్న సిమెంటు ఏ గ్రాంటుదో గుర్తు తెచ్చుకుని ఎక్సెల్‌లో పంచుతున్నాడు. మనిషి జ్ఞాపకంతో వేసిన లెక్క పుస్తకంతో ఎందుకు కలుస్తుంది? నాలుగున్నర లక్షల సాఫ్ట్‌వేర్ తెచ్చినా వోచరు మీద ఆ రెండు ముక్కలు రాయకపోతే ఇదే కథ. కొత్త బీరువా కొన్నంతమాత్రాన కాగితాలు వాటంతటవే సర్దుకోవు.

టాలీలో దీనికి కాస్ట్ సెంటర్, కాస్ట్ కేటగిరీ అని ఉన్నాయి. ‘దాత’ ఒక కేటగిరీ, ‘కార్యక్రమం’ ఇంకో కేటగిరీ పెట్టుకుంటే ఒకే ఖర్చు రెండు చోట్లా పడుతుంది. పద్దు ఖర్చు రకం చెబుతుంది, కేటగిరీలు మిగతా రెండూ చెబుతాయి. ఇవి మీ టాలీలో ఇప్పుడే ఉన్నాయి, ఎవరూ ఆన్ చేసి ఉండరు. మీ ఒక్క అకౌంటెంటు, ఒక్క ఆఫీసు, మూడు నిధులు అన్న లెక్కకు నా ఓటు టాలీకే. రేపు మీ అకౌంటెంటు మానేసినా హిందూపురంలోనో ధర్మవరంలోనో టాలీ వచ్చిన కుర్రాడు దొరుకుతాడు. క్లౌడ్ సాఫ్ట్‌వేర్ చెడ్డదని కాదు. నాలుగైదు మండలాల్లో ఫీల్డ్ ఆఫీసులుండి, ఎక్కడి బిల్లు అక్కడే ఎక్కించి, మీరు ఫోన్లో మంజూరు చేయాల్సిన పరిస్థితి ఉంటే జోహో బుక్స్ లాంటివి గానీ ఈఆర్‌పీనెక్స్ట్ గానీ చూడవచ్చు. ఈఆర్‌పీనెక్స్ట్ ఓపెన్ సోర్స్, లైసెన్సు ఖర్చు ఉండదు. కానీ దాన్ని నడిపే మనిషి ఖర్చు ఉంటుంది, ఏటా ఉంటుంది. అది కొటేషన్‌లో కనబడదు.

అంటే అరవై వేలాయన్నే పెట్టుకోమని కాదు. ఆయనకు పరీక్ష పెట్టండి, నాలుగున్నర లక్షలాయనకూ అదే పరీక్ష. నేను అడిగే ప్రశ్నలు చెబుతాను, జవాబులతో సహా. ఢిల్లీ సంసద్ మార్గ్‌లోని స్టేట్ బ్యాంకు న్యూఢిల్లీ మెయిన్ బ్రాంచిలో పడ్డ విదేశీ విరాళం అనంతపురంలోని మీ వినియోగ ఖాతాకు మారినప్పుడు ఏ వోచరు రాస్తారని అడగండి. కాంట్రా, అంటే మన ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు మార్పు, అనాలి. ‘రిసీట్’ (కొత్త రాబడి) అన్నాడంటే మీ గ్రాంటు రెండుసార్లు ఆదాయమవుతుంది. ఆ ఖాతాలో పడిన వడ్డీ ఏ పుస్తకంలోకి పోతుందని అడగండి. విదేశీ విరాళం మీద వచ్చిన వడ్డీ కూడా విదేశీ విరాళమే, ఎఫ్‌సీ (విదేశీ విరాళాల) పుస్తకంలోనే ఉండాలి. మూడోది కొంచెం గట్టి ప్రశ్న. మార్చి జీతాలు మార్చి 31న ప్రొవిజన్ (ఇంకా ఇవ్వాల్సిన ఖర్చు)గా వేసి ఏప్రిల్ 5న చెల్లిస్తే, ఆదాయపు పన్ను మినహాయింపు కోసం రాబడిలో 85 శాతం ఖర్చుపెట్టామని చూపే లెక్కలో అవి ఏ సంవత్సరానివి? చెల్లించిన సంవత్సరానివి. 2022 ఫైనాన్స్ చట్టం ఈ సంగతి స్పష్టం చేసింది. వ్యాపార సంస్థల లెక్కలు మాత్రమే చూసినవాళ్లు ఇక్కడ దొరికిపోతారు. దుకాణాలకు, రైసుమిల్లులకు టాలీ పెట్టి చేయి తిరిగినవాళ్లు మన జిల్లాల్లో బోలెడుమంది. వాళ్ల పనితనానికి వంక పెట్టను గానీ, జీఎస్టీ రిటర్ను తెలిసినంత మాత్రాన గ్రాంటు లెక్క రాదు.

నోటి పరీక్ష అయ్యాక చేతి పరీక్ష. మీ పాత వోచర్లలో ఒక మూడు నెలలవి, దాత బడ్జెట్ పట్టికతో కలిపి ఇద్దరికీ ఇచ్చి, ఎక్సెల్ ముట్టకుండా తమ పద్ధతిలోంచి దాత రిపోర్టు తీసి చూపమనండి. జీతాల వివరాలు, లబ్ధిదారుల పేర్లు తీసేసి ఇవ్వండి. దీనికి ఒక ఐదారు వేలు ఇచ్చి అడగండి. ఊరికే చేయమంటే ఊరికే చేసినట్టే ఉంటుంది. ఈ పని చూసి కాదన్నవాళ్లను మీరు కాదనాల్సిన అవసరం ఉండదు.

వాళ్లు ఇదివరకు పనిచేసిన సంస్థల పేర్లు అడుగుతారు కదా, అక్కడ డైరెక్టరు గారికి ఫోన్ చేయకండి. ఆయన ‘బ్రహ్మాండం’ అంటారు. డబ్బు పెట్టి పెట్టుకున్న మనిషిని బాగాలేదని ఎవరంటారు? అకౌంటెంటుకు చేయండి. ‘పోయిన క్వార్టరు రిపోర్టు ఎందులోంచి తీశారన్నా?’ అని ఒక్క మాట అడగండి. ఎక్సెల్ అన్నాడా, మీకు జవాబు దొరికినట్టే.

ఇక ఆడిటరు గారి సంగతి. ఇక్కడ కొంచెం మొహమాటం వదలాలి. పుస్తకాలు అమర్చినవాళ్లే వాటిని తనిఖీ చేసి సంతకం పెడితే ఆ సంతకానికి విలువేముంది? మీది లాభాపేక్ష లేని సెక్షన్ 8 కంపెనీ అయితే చట్టమే అడ్డుపడేది. 2013 కంపెనీల చట్టం 144వ సెక్షన్ ప్రకారం ఆడిటరు ఆ కంపెనీకి లెక్కలు రాయకూడదు, ఆర్థిక సమాచార వ్యవస్థను రూపొందించి పెట్టకూడదు. సొసైటీకి ఆ సెక్షన్ వర్తించదు గానీ, జర్మనీ దాత తరఫున ఎవరైనా వచ్చి చూస్తే మొదట అడిగేది అదే. ఆడిటరు గారి సలహా మాత్రం తప్పకుండా తీసుకోండి. పద్దుల పట్టిక తయారయ్యాక, ఒక్క వోచరు కూడా ఎక్కించకముందే ఆయనకు చూపించి సరేననిపించుకోండి. ఆయనకూ మర్యాద దక్కుతుంది, సెప్టెంబరులో ఆడిటప్పుడు మీకూ గొడవ తప్పుతుంది.

పుస్తకాలు ఎలా అమర్చాలన్నది కన్సల్టెంటుకు వదిలేయకుండా మీరు ముందే తేల్చుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. ఎఫ్‌సీ లెక్క విడి పుస్తకాల్లో ఉండాలని ఎఫ్‌సీఆర్‌ఏ నిబంధన. టాలీలో అయితే ఎఫ్‌సీ ఒక కంపెనీ (ఒక పుస్తకాల కట్టను టాలీ అలా అంటుంది), స్థానిక నిధులు ఇంకో కంపెనీగా తెరిచి, మొత్తం కలిపి చూడటానికి గ్రూప్ కంపెనీ పెట్టుకోవడం మన దగ్గర అలవాటు. అన్నీ ఒకే కంపెనీలో పెట్టి కాస్ట్ సెంటర్లతో విడదీస్తానన్నవాళ్లకు వద్దని చెప్పండి. మీ హాస్టలు వార్డెను జీతం 24,000 అనుకోండి. అందులో 18,000 జర్మనీ గ్రాంటుది, 6,000 సీఎస్‌ఆర్‌ది. ఎఫ్‌సీ ఖాతా నుంచి 18,000, స్థానిక ఖాతా నుంచి 6,000 ఆమెకు నేరుగా వెళ్లాలి. ‘మొత్తం ఒకచోట నుంచి ఇచ్చేసి తర్వాత సర్దుకుందాం’ అన్న అలవాటు మీ దగ్గర ఉంటే (ఉండే ఉంటుంది) సాఫ్ట్‌వేర్ కన్నా ముందు దాన్ని మాన్పించాలి. ఎఫ్‌సీ ఖాతాలో స్థానిక డబ్బు పడకూడదని ఎఫ్‌సీఆర్‌ఏ 17వ సెక్షన్ చెబుతోంది. సర్దుబాట్లు అక్కడికే దారితీస్తాయి.

విదేశీ విరాళంలో పరిపాలనా ఖర్చు 20 శాతం దాటకూడదన్న ఎఫ్‌సీఆర్‌ఏ పరిమితి కూడా పద్దుల పట్టికలోనే కనబడాలి. 2020 సవరణకు ముందు అది 50 శాతం. ఏ పద్దు పరిపాలనా ఖర్చో, ఏది కార్యక్రమం ఖర్చో పట్టికలోనే గుర్తు పెడితే నెలనెలా శాతం చూసుకోవచ్చు. డిసెంబరు 31 లోపు ఎఫ్‌సీ-4 వేసేటప్పుడు చూసుకుంటే సంవత్సరం ఎప్పుడో దాటిపోయి ఉంటుంది, చేయగలిగిందేమీ ఉండదు.

ఇక్కడే చాలామంది గమనించని తిరకాసు ఒకటుంది. ఈ కన్సల్టెంటు ఫీజు ఏ జేబులోంచి ఇస్తారు? ఎఫ్‌సీ నుంచి ఇస్తే అది కూడా ఆ 20 శాతంలోకే వస్తుంది. లెక్కల నిర్వహణ ఖర్చు, వృత్తి నిపుణుల ఫీజులు పరిపాలనా ఖర్చుల కిందే నిబంధనల్లో రాసి ఉన్నాయి. ఏడాదికి 25 లక్షల విదేశీ విరాళం అందుకునే సంస్థకు 20 శాతం అంటే ఐదు లక్షలు. అందులోంచి నాలుగున్నర లక్షలు సాఫ్ట్‌వేర్ మనిషికే పోతే ఆఫీసు అద్దె, కరెంటు, మీ జీతం ఎక్కడ చూపుతారు? పైగా ఆ నాలుగున్నర లక్షల మీద 18 శాతం జీఎస్టీ. మీరు ఆ పన్నును తిరిగి వసూలు చేసుకునే వ్యాపారం చేయడం లేదు కాబట్టి అదీ ఖర్చే. 5,31,000 అవుతుంది. పరిమితి దాటేశారు. అరవై వేలు కూడా 70,800 అనే లెక్కవేసుకోండి. జర్మనీ దాతకు ఉత్తరం రాసి ఈ ఖర్చు గ్రాంటులో పెట్టుకోవచ్చా అని ముందే అడగండి. ఒప్పుకున్నా 20 శాతం లెక్క మారదు. వీలైతే చందాల నిధి నుంచే ఇవ్వండి.

ఫీజు ఒకేసారి ఇవ్వకండి, టీడీఎస్ (చెల్లించేటప్పుడే పట్టి ప్రభుత్వానికి కట్టే పన్ను) మరవకండి. పద్దుల పట్టిక ఆమోదమయ్యాక కొంత, ప్రారంభ నిల్వలు ఎక్కి బ్యాంకు సరిపోయాక కొంత, మిగిలింది జూన్ క్వార్టరు దాత రిపోర్టు మీ అకౌంటెంటు తన చేత్తో తీసి, అది టాలీతో కలిశాక. ‘ఇన్‌స్టలేషన్ పూర్తయింది’ అన్న మాటకు డబ్బు లేదని ఒప్పందంలోనే రాయించండి. కొత్త ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వస్తూనే సెక్షన్ల నంబర్లు మారాయి. వాటికి తగ్గట్టు రిపోర్టుల పేర్లు మార్చే పని కూడా ఇదే ఫీజులో ఉందా లేదా రాయించండి. ‘చిన్న మార్పు సార్, రెండువేలు’ అనేవి ఏడాది తిరిగేసరికి చిన్నవిగా ఉండవు.

మార్చాల్సిన డేటా గురించి ఉబలాటపడకండి. ఏడేళ్ల వోచర్లు కొత్త పద్ధతిలోకి తిరగరాయడం దండగ. ఏప్రిల్ 1 నాటి నిల్వలు, ఒక్కో దాత దగ్గర ఖర్చుకాక మిగిలిన సొమ్ము, ఎఫ్‌సీతో కొన్న ఆస్తుల జాబితా, ఇవి సరిగ్గా ఎక్కితే చాలు. వీటిలో మిగులు సొమ్మే కష్టం. ఎక్సెల్ ఒకటి, టాలీ ఇంకొకటి చెబుతాయి కదా, ఏది నిజమో కమిటీలో తేల్చి తీర్మానం రాసుకోండి. కన్సల్టెంటు చేత తేల్పించకండి, అది ఆయన సొమ్ము కాదు. పాత డేటాను మాత్రం తెరుచుకునే స్థితిలో దాచండి. పాత ఆదాయపు పన్ను నిబంధన 17ఏఏ ప్రకారం అసెస్‌మెంట్ ఇయర్ ముగిసినప్పటి నుంచి పదేళ్లు పుస్తకాలు ఉంచాలి.

ఆఖరుగా తాళంచెవులు. ఒక సంస్థలో నేను చూసింది చెబుతాను. కన్సల్టెంటు భద్రత కోసమని టాలీవాల్ట్ (డేటాకు తాళం వేసే ఏర్పాటు) పాస్‌వర్డు పెట్టాడు, అది అతని దగ్గరే ఉండిపోయింది, మనిషి ఉద్యోగం వచ్చి బెంగళూరు వెళ్లిపోయాడు, ఫోన్ నంబరు మారిపోయింది. వాల్ట్ పాస్‌వర్డు పోతే టాలీ కంపెనీ వాళ్లు కూడా తెరవలేరు. నాలుగేళ్ల లెక్కలు బ్యాంకు స్టేట్‌మెంట్లు పెట్టుకుని మళ్లీ రాశారు. కాబట్టి లైసెన్సు మీ సంస్థ ఈమెయిలు మీద ఉండాలి, కన్సల్టెంటు మెయిలు మీద కాదు. అడ్మిన్ పాస్‌వర్డు, వాల్ట్ పాస్‌వర్డు కవరులో పెట్టి సీలు వేసి బ్యాంకు కాగితాలతోపాటు బీరువాలో పెట్టండి. మీ కోసం ప్రత్యేకంగా టీడీఎల్‌లో (టాలీకి అదనపు హంగులు రాసే భాష) ఏదైనా రాస్తే, నడిచే టీసీపీ ఫైలు మాత్రమే కాక రాసిన మూల ఫైలు కూడా ఇవ్వాలని షరతు పెట్టండి. లేకపోతే రేపు ఇంకొకరు వచ్చి ఒక్క అక్షరం కూడా మార్చలేరు.

ముహూర్తం అడగలేదు గానీ చెబుతున్నా. జనవరి, ఫిబ్రవరిలో పద్దుల పట్టిక, పరీక్షలు ముగించి ఏప్రిల్ 1న మొదలుపెట్టండి. సంవత్సరం మధ్యలో మార్చమని ఎవరు తొందరపెట్టినా వినకండి.

ప్రశ్న: పార్వతీపురం దగ్గర గిరిజన ప్రాంతాల్లో పనిచేసే సంస్థలో చాలా ఏళ్లుగా అకౌంటెంటును. చేతిపుస్తకాల నాటి నుంచి ఉన్నాను. ఇప్పుడు ఒక కన్సల్టెంటును పెట్టారు. ఆయన పద్దుల జాబితా, నా పాస్‌వర్డు అడుగుతున్నాడు. ఇచ్చాక నా అవసరం తీరిపోతుందేమోనని భయంగా ఉంది. నా వయసు 54.
– ఒక అకౌంటెంటు

జవాబు: తమ్ముడూ, జాబితా ఇవ్వు, పాస్‌వర్డు ఇవ్వకు. నీ పేరు మీద అతను వోచరు మారిస్తే ఆ మార్పు నువ్వు చేసినట్టే నమోదవుతుంది. అతనికి వేరే యూజరు పేరు సృష్టించమని మీ సారును అడుగు. ఇది మొండితనం కాదు, తెలిసిన కన్సల్టెంటు అయితే తనే ముందు అడిగేవాడు.

నీ భయంలో అర్థముంది. కానీ నువ్వు ఇవ్వకపోయినా జాబితా వాళ్లకు బ్యాకప్‌లోంచి వస్తుంది. రానిది వేరే ఉంది. సంతరోజు కూలీలకు ఇచ్చిన డబ్బుకు రసీదులు ఎలా తెస్తారు, కొండ మీది ఊళ్లకు జీపు బాడుగ వర్షాకాలంలో ఎందుకు రెట్టింపవుతుంది, ఏ గ్రాంటు వాళ్లు వేలిముద్ర ఒప్పుకుంటారు, ఎవరు సంతకమే అడుగుతారు అన్నవి జాబితాలో ఉండవు. వాటిని తెలుగులోనే ఒక నోట్సుగా రాసి, నీ పేరు పెట్టి, కన్సల్టెంటుకూ మీ సారుకూ ఒకేసారి ఇవ్వు. నువ్వు మౌనంగా కూర్చుంటే ‘పాతకాలం మనిషి, సహకరించడం లేదు’ అన్న మాటే మిగులుతుంది. ఆ మాట నేను చాలా ఆఫీసుల్లో విన్నాను.

ఇంకొకటి గట్టిగా అడుగు. కొత్త పద్ధతిలో మొదటి రోజు నుంచి వోచర్లు నువ్వే ఎక్కిస్తానని, అతను పక్కన కూర్చుని చూడాలని. అతను ఎక్కిస్తూ నువ్వు చూస్తే అతను వెళ్లాక నీకేమీ రాదు, నిన్ను తీసేయడానికి అప్పుడు నిజంగానే కారణం దొరుకుతుంది. ఏ ఖర్చుకు ఏ పద్దు, ఏ కాస్ట్ సెంటరు అన్నది ఒక అట్ట మీద తెలుగులో రాయించి కంప్యూటరు పక్కన వేలాడదీసుకో. ఫీల్డు వాళ్లు బిల్లు వెనక ఆ కోడు వేసి తెస్తేనే తీసుకో. మొదటి నెల తిట్టుకుంటారు, తిట్టుకోనీ.

ప్రశ్న: సిద్దిపేట జిల్లాలో మా పల్లెలో చిన్న ట్రస్టు నడుపుతున్నాం. పిల్లలకు ట్యూషన్లు, ఎండాకాలం చలివేంద్రం. ఏడాదికి ఆరు లక్షల దాకా చందాలు వస్తాయి, విదేశీ డబ్బు లేదు. దాతలకు పన్ను మినహాయింపు ఇచ్చే 80జీ ఉంది. మాకూ కన్సల్టెంటు కావాలా?
– ట్రస్టు సభ్యుడు

జవాబు: వద్దు బాబూ. ఒక నగదు పుస్తకం, ఒక బ్యాంకు పుస్తకం, లెడ్జరు, జర్నల్, నంబర్లు వేసిన రసీదు పుస్తకం, బిల్లుల ఫైలు మీరే పెట్టుకోవచ్చు. కంప్యూటరులో కావాలంటే ఎక్సెల్ చాలు. రసీదు మీద మాత్రం దాత పేరు, చిరునామా, పాన్ తప్పకుండా రాయించండి. 80జీ ఇచ్చే సంస్థలు దాతల వివరాలతో ఏటా స్టేట్‌మెంటు వేయాలి, ఇన్నాళ్లూ దాన్ని 10బీడీ అన్నాం. అది వేస్తేనే దాతకు సర్టిఫికెట్ వస్తుంది. రెండువేలకు మించి నగదుగా ఇచ్చినవాళ్లకు 80జీ మినహాయింపు రాదని ఇచ్చేటప్పుడే చెప్పేయండి, తర్వాత మొహం చాటేయాల్సిన పని ఉండదు. ఏడాదికోసారి ఆడిటరు ఆఫీసుకు ఆ పుస్తకాలన్నీ పట్టుకెళ్లండి. కన్సల్టెంటుకు ఇవ్వాలనుకున్న డబ్బుతో చలివేంద్రానికి ఇంకో రెండు కుండలు కొనండి.